క్లబ్బు సమావేశానికి బిల్డర్‌ను పిలిచేటప్పుడు: కార్యవర్గానికి సమగ్ర మార్గదర్శి

మన జిల్లా పట్టణాల్లో రోటరీ, లయన్స్, వాసవి వంటి సేవా క్లబ్బుల సమావేశాలకు స్థానిక బిల్డరో, వెంచర్ వేసిన రియల్టరో వక్తగా రావడం మామూలే. పిలవడంలో తప్పేమీ లేదు. పట్టణం ఎటువైపు పెరుగుతోంది, బైపాస్ పక్కన గజం ధర ఎందుకు ఎగబాకింది, మంచినీటి పైపు ఏ కాలనీ దాకా వచ్చి ఆగింది వంటి సంగతులు ఆయనకు తెలిసినంతగా చాలామందికి తెలియవు.

అయితే వెనక క్లబ్బు బ్యానరు, పక్కన అధ్యక్షుడు, భుజాల మీద శాలువా ఉన్న ఫోటో మర్నాడు పత్రిక జిల్లా పేజీలో వస్తుంది. సమావేశానికి రాని రిటైర్డ్ ఉపాధ్యాయుడు ఆ ఫోటో చూసి, “క్లబ్బు వాళ్ళే పిలిచి సన్మానించారంటే నికార్సైన మనిషే అయి ఉంటాడు” అనుకుంటాడు. ఏళ్ళ తరబడి కంటి శిబిరాలు, రక్తదాన శిబిరాలు నడిపి క్లబ్బు సంపాదించుకున్న పేరు అలా ఒక వెంచర్‌కు హామీగా మారిపోతుంది. ఆయన పదవీ విరమణ సొమ్ము అందులో పడితే ఆ బాధ్యతలో మనకూ వాటా ఉంటుంది. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క విషయాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినదే. బిల్డర్ గారు మాట్లాడాలి, ఊరికి పనికొచ్చేది చెప్పాలి, క్లబ్బు మాత్రం ఆయన అమ్మకాల బల్ల కాకూడదు.

1. ముందు అంశం, తర్వాత మనిషి

“ఫలానా గారిని పిలుద్దాం” అన్న మాటతో చర్చ మొదలైతే చివరికి అది ఆయన కంపెనీ పరిచయ సభగానే ముగుస్తుంది. కార్యవర్గ సమావేశంలో ముందు అంశం రాసుకోండి. “మన పట్టణ శివార్లలో లే అవుట్లు: అనుమతులు, నీరు, రోడ్లు”, “అపార్ట్‌మెంట్ కొనేవారు తెలుసుకోవలసినవి”, “పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కు ఇచ్చేటప్పుడు యజమాని జాగ్రత్తలు” లాంటివి తీసుకోవచ్చు. మూడోది నాకు చాలా ఇష్టమైన అంశం. పాత పెంకుటిల్లు బిల్డర్‌కు ఇచ్చి రెండు ఫ్లాట్లు తీసుకుందామనుకునే పెద్దవాళ్ళు ప్రతి వీధిలో ఉన్నారు. డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, దానితో పాటు ఇచ్చే జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికారాన్ని బిల్డర్‌కు రాసిచ్చే పత్రం) చదివి వివరించేవారు మాత్రం దొరకరు.

అంశం తేలాక తీర్మానం మినిట్స్‌లో రాయండి. దానితో పాటే ఒక ప్రశ్న తప్పక వేయండి. ఈ బిల్డర్‌తో కార్యవర్గంలో ఎవరికైనా భాగస్వామ్యం, భూమి వాటా, కమీషన్, బంధుత్వం ఉన్నాయా? ఊరి క్లబ్బుల్లో రియల్ ఎస్టేట్, సిమెంటు, ఇనుము వ్యాపారులు ఉండడం సహజం కాబట్టి ఈ ప్రశ్నను ఎవరూ అవమానంగా తీసుకోనక్కర్లేదు. సంబంధం ఉన్న సభ్యుడు ఆ సంగతి చెప్పి, వక్తను ఎంపిక చేసే చర్చ నుంచి పక్కకు తప్పుకుంటే చాలు. ఆ మాట కూడా మినిట్స్‌లో చేరాలి.

2. పిలవబోయే ముందు పరిశీలన

ఇది కార్యదర్శి, ఇంకో సభ్యుడు కూర్చుని ఒక సాయంత్రంలో పూర్తి చేయగల పని. న్యాయవాది అవసరం కూడా ఉండదు.

ముందు రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, వెబ్‌సైట్ తెరవండి. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు రెరా సంస్థలు ఉన్నాయి. 2016లో పార్లమెంటు చేసిన రియల్ ఎస్టేట్ చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లకు మించి గానీ కడుతుంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ప్లాట్ల వెంచర్లూ దీని కిందికే వస్తాయి. రిజిస్ట్రేషన్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అడ్వాన్సు పుచ్చుకోకూడదు. “ప్రీలాంచ్ ఆఫర్”, “యూడీఎస్ (భూమిలో విభజించని వాటా) రేటు” పేర్లతో ముందే డబ్బు వసూలు చేయడం ఈ నిబంధనకు నేరుగా విరుద్ధం. దీన్ని ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం వరకు జరిమానా పడవచ్చు.

బ్రోచర్ మీద రెరా నంబరు కనబడగానే సంతృప్తి పడకండి. నంబరు ‘పీ’ అక్షరంతో మొదలైతే ప్రాజెక్టుది, ‘ఏ’తో మొదలైతే ఏజెంటుది. ఏజెంటు నంబరు వేసి ప్రాజెక్టుకే రిజిస్ట్రేషన్ అయినట్లు భ్రమ కల్పించే కాగితాలు తిరుగుతుంటాయి. అందుకే ఆ నంబరును వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ప్రాజెక్టు పేరు, సర్వే నంబర్లు, పూర్తి చేయవలసిన తేదీ, మూడు నెలలకోసారి బిల్డర్ పెట్టవలసిన పురోగతి వివరాలు అక్కడ ఉండాలి. ఆ వివరాలు చాలాకాలంగా పెట్టకపోతే అదే మీ మొదటి ప్రశ్న అవుతుంది.

తర్వాత లే అవుట్ ప్లాను. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ ప్రాంతం), సీఆర్‌డీఏ (అమరావతి ప్రాంతం), పట్టణాభివృద్ధి సంస్థ, డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ) లాంటి వాటిలో మీ ఊరు ఎవరి పరిధిలోకి వస్తుందో చూసుకోండి. ఆమోదిత ప్లాను నకలు బిల్డర్‌నే అడిగి తీసుకోండి. దాన్ని బల్ల మీద పరిచి మూడు చోట్ల వేలు పెట్టండి. ఒకటి, పైన ఉన్న ఎల్పీ (లే అవుట్ అనుమతి) నంబరు, తేదీ. అది తాత్కాలిక ఆమోదమా, తుది ఆమోదమా? రెండు, తనఖా ప్లాట్లు. రోడ్లు, మురుగు కాలువలు, విద్యుత్తు పూర్తిచేస్తారన్న హామీగా కొన్ని ప్లాట్లను అనుమతి ఇచ్చిన సంస్థకు తనఖా పెడతారు. ప్లానులో వాటిని వేరే రంగుతోనో గీతలతోనో గుర్తిస్తారు. ఆ తనఖా విడుదలయ్యే దాకా వాటిని అమ్మకూడదు. మూడు, పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలం. ప్లానులో ఆకుపచ్చగా ఉన్న ఆ ముక్క బ్రోచర్‌లో “క్లబ్ హౌస్”గానో “ఫేజ్ 2”గానో మారిందేమో పోల్చి చూడండి. బ్రోచర్‌నూ ప్లానునూ పక్కపక్కన పెడితే పదిహేను నిమిషాల్లో మీకు తెలిసే సంగతులు ఏ ప్రసంగంలోనూ రావు.

చివరిగా ఆయన లోగడ పూర్తి చేసిన ఒక వెంచర్‌కో అపార్ట్‌మెంట్‌కో వెళ్ళి అక్కడ నివసించేవారితో మాట్లాడండి. నీళ్ళు వస్తున్నాయా, లిఫ్టు ఎవరు బాగు చేయిస్తున్నారు, సంఘానికి లెక్కలు అప్పగించారా అని అడగండి. ఇద్దరు ముగ్గురితో మాట్లాడినా పరిస్థితి తెలిసిపోతుంది.

ఈ పరిశీలనలో పెద్ద లోపం బయటపడితే ఆహ్వానం పంపకుండా ఊరుకోండి. ఎందుకు పిలవలేదో చాటింపు వేయడం క్లబ్బు పని కాదు. ఎవరైనా సభ్యుడు నష్టపోయి ఉంటే రెరాలో ఫిర్యాదు చేసుకునే దారి చూపండి.

3. ఆహ్వాన లేఖలోనే షరతులు

నోటి మాటగా చెప్పిన షరతులు వేదిక మీద ఎవరికీ గుర్తుండవు. లేఖలో మర్యాదగానే, స్పష్టంగా రాయండి. నమూనాగా ఇలా ఉండవచ్చు:

“గౌరవనీయులైన … గారికి, మా క్లబ్బు సభ్యులకు ‘పట్టణ శివార్లలో లే అవుట్లు’ అనే అంశంపై మీ అనుభవాన్ని పంచవలసిందిగా కోరుతున్నాము. ప్రసంగానికి 20 నిమిషాలు, ప్రశ్నలకు 30 నిమిషాలు. సమావేశ స్థలంలో బ్రోచర్లు పంచడం, బుకింగులు, సభ్యుల ఫోన్ నంబర్ల సేకరణ, లక్కీ డ్రాలు ఉండవని దయచేసి గమనించగలరు. సభ్యుల ప్రశ్నలు వారం ముందుగా మీకు అందజేస్తాము. సమావేశపు ఫోటోలను, క్లబ్బు పేరును, చిహ్నాన్ని ప్రకటనల్లో వాడవద్దని మనవి.”

ప్రశ్నల సమయం ప్రసంగం కంటే ఎక్కువ ఉండడం గమనించండి. అలా పెట్టింది కావాలనే. నిజాయితీగా వ్యాపారం చేసే బిల్డర్ ఈ లేఖ చూసి నొచ్చుకోడు. నిబంధనలన్నీ పాటించే తనకూ, ఏ అనుమతీ లేకుండా పక్క పొలంలో రాళ్ళు పాతి సగం ధరకు అమ్మేవాడికీ తేడా జనానికి తెలియాలన్నది ఆయన కోరిక కూడా. లేఖ చూసి వెనక్కి తగ్గేవారు తగ్గనివ్వండి.

4. విరాళం సంగతి

చాలా క్లబ్బులు తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి ఆలోచించాలి. బిల్డర్ గారు ప్రసంగం చివర “మీ డయాలసిస్ కేంద్రానికి నా వంతుగా రెండు లక్షలు” అని ప్రకటిస్తారు. హాలంతా చప్పట్లు. ఆ తర్వాత మైకు పట్టుకుని తనఖా ప్లాట్ల గురించి అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? విరాళం ఇచ్చినవారి మనసులో ఏ దురుద్దేశమూ లేకపోవచ్చు. కానీ చప్పట్లు మోగాక ప్రశ్నలకు నోరు పెగలదు.

అందుకని మాట్లాడే రోజున విరాళ ప్రకటన ఉండకూడదని ముందే చెప్పండి. ఆ రోజు భోజనం, హాలు అద్దె, జ్ఞాపికల ఖర్చు క్లబ్బే పెట్టుకోవాలి. సాదా ఇడ్లీ, ఉప్మాతో సరిపెట్టుకున్నా పరవాలేదు. ఆయనకు సేవా కార్యక్రమాలపై నిజంగా ఆసక్తి ఉంటే కొన్ని నెలల తర్వాత, వేరే సందర్భంలో, చెక్కు రూపంలో, రసీదు ఇచ్చి తీసుకోండి. దానికి బదులుగా వేదిక, ఫోటో, బ్యానరు మీద పేరు లాంటివేవీ మాట ఇవ్వకండి. క్లబ్బుకు స్థలం ఇస్తానని ఎవరైనా అంటే అది లే అవుట్‌లో ప్రజల కోసం వదిలిన ఖాళీ స్థలమేమో తప్పక చూడండి. ఆ స్థలాన్ని గిఫ్ట్ డీడు ద్వారా పురపాలక సంఘానికో పంచాయతీకో అప్పగించాలి. దాన్ని క్లబ్బు భవనానికి ఇచ్చే అధికారం బిల్డర్‌కు లేదు, తీసుకునే హక్కు మనకూ లేదు.

5. సభ్యులను సిద్ధం చేయడం

సమావేశానికి రెండు వారాల ముందు సభ్యులకు ఒక పేజీ కాగితం పంపండి. అందులో రెండు చిన్న లెక్కలు ఉంటే చాలు. అవి చేతిలో ఉంటే ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

మొదటిది ఫ్లాటు లెక్క. 1,500 చదరపు అడుగుల ఫ్లాటు, అడుగు 5,000 చొప్పున 75 లక్షలు అంటారనుకుందాం. ఆ 1,500లో మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కలిసే ఉంటుంది. రెరా చట్టం చెప్పే కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, బాల్కనీ మినహాయించి, లోపలి గోడలను కలుపుకుని మనం వాడుకునే నేల. అది 1,050 అడుగులు అనుకుంటే నిజంగా అడుగుకు పడేది సుమారు 7,143 రూపాయలు. రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు ఈ రెండో అంకెనే పోల్చాలి. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ ఉంటుంది. 45 లక్షల లోపు ఉండి, కార్పెట్ ఏరియా పరిమితికి లోబడిన ఇంటికి 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివసించవచ్చని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు.

రెండోది ప్లాటు లెక్క. ఎకరం అంటే 4,840 గజాలు. ఎకరం కోటి రూపాయలకు కొంటే గజం 2,066 పడుతుంది. రోడ్లకు, పార్కుకు, ఇతర అవసరాలకు పోగా 60 శాతం అమ్మకానికి మిగిలిందనుకుంటే, అమ్మే గజం మీద భూమి ఖరీదే సుమారు 3,444కు చేరుతుంది. దాని మీద రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు, అనుమతుల రుసుములు, బ్యాంకు వడ్డీ, కమీషన్లు, లాభం. “మీరు గజం 12,000కు అమ్ముతున్నారు కదా, మధ్యలో ఉన్నది దేనికెంత?” అని అడిగితే బిల్డర్‌కు తన పని వివరించే మంచి అవకాశం దొరుకుతుంది. సభ్యులకూ ధర వెనక ఉన్న కథ తెలుస్తుంది. ఏజెంటు కమీషన్‌కే ఎంత పోతోందో విన్నవారు తర్వాత తొందరపడి బుకింగ్ ఇవ్వరు.

కాగితంతో పాటు చిన్న చీటీలు ఇచ్చి ప్రశ్నలు రాయించుకోండి. పేరు రాయనక్కర్లేదు. అల్లుడి ముందో వ్యాపార మిత్రుడి ముందో నోరు విప్పలేనివారు చీటీలో రాస్తారు. ఆ చీటీలు చదివితే ఊరి బెంగ ఏమిటో తెలిసిపోతుంది.

6. ఆ రోజు సాయంత్రం

అధ్యక్షత వహించేవారు, ప్రశ్నలు నడిపేవారు వేర్వేరు వ్యక్తులైతే మేలు. ఆతిథ్యం అధ్యక్షుడిది. మొహమాటం లేకుండా అడిగే పని రెండోవారిది. విశ్రాంత సబ్ రిజిస్ట్రారు, బ్యాంకులో గృహరుణాలు చూసిన మేనేజరు, సివిల్ ఇంజనీరు లాంటివారు సభ్యుల్లో ఉంటే వారికి అప్పగించండి. వీలైతే పురపాలక సంఘం పట్టణ ప్రణాళిక విభాగం అధికారిని కూడా ఆహ్వానించండి. నిబంధన గురించి ఆయన ఒక్క మాట చెబితే వాదన తెగిపోతుంది.

పరిచయం రెండు నిమిషాలు దాటకూడదు. “విశ్వసనీయతకు మారుపేరు”, “అందరి కలలను సాకారం చేసిన” లాంటి మాటలు కంపెనీ పంపిన పరిచయ పత్రంలో ఉంటే కొట్టివేయండి. చదువు, ఎన్నేళ్ళుగా ఈ రంగంలో ఉన్నారు, పూర్తి చేసిన ప్రాజెక్టులు చాలు. రోటరీ సభ్యులకు ఇక్కడ ఒక సంగతి గుర్తు చేయాలి. ఇది నిజమా, అందరికీ న్యాయమా, సౌహార్దాన్నీ స్నేహాన్నీ పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అన్న నాలుగు ప్రశ్నల పరీక్ష గోడ మీద పటంగా చాలా క్లబ్బుల్లో ఉంటుంది. 1932లో హెర్బర్ట్ టేలర్ దీన్ని రాసింది దివాలా అంచున ఉన్న ఒక అల్యూమినియం పాత్రల కంపెనీని నిలబెట్టడానికి. ఈ పరీక్ష పెట్టుకున్నాక ఆ కంపెనీ తన ప్రకటనల నుంచి “అత్యుత్తమం” వంటి గొప్పలను తీసేసింది. వ్యాపార ప్రకటనల కోసం పుట్టిన పరీక్షను వ్యాపార ప్రసంగానికి వర్తింపజేయడం కంటే సముచితమైన పని ఏముంటుంది?

7. తప్పక అడగవలసిన ప్రశ్నలు

వక్తకు ముందే పంపిన ప్రశ్నలతో మొదలుపెట్టండి. సిద్ధపడి వచ్చిన మనిషి జవాబు వివరంగా ఉంటుంది.

డబ్బు గురించి: కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక బ్యాంకు ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు నిర్మాణానికీ భూమి ఖర్చుకే వాడాలని చట్టం చెబుతోంది. పని జరిగిన మేరకు ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాకే అందులోంచి తీయాలి. ఆ ఖాతా ఏ బ్యాంకులో ఉంది, బుకింగ్ చెక్కు నేరుగా అందులోకే రాయమంటారా అని అడగండి. ఒక ఊరి డబ్బుతో ఇంకో ఊళ్ళో భూమి కొనడం వల్లే ఎన్నో ప్రాజెక్టులు పునాదుల దగ్గర ఆగిపోయాయి కాబట్టి నా దృష్టిలో ఇదే అతి ముఖ్యమైన ప్రశ్న.

అగ్రిమెంటు గురించి: అమ్మకం ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీరు ఏ దశలో రిజిస్టర్ చేస్తున్నారు? ఆలస్యమైతే వడ్డీ ఎలా చెల్లిస్తున్నారు? స్వాధీనం చేశాక అయిదేళ్ళ లోపు నిర్మాణ లోపం బయటపడితే ఉచితంగా సరిచేయాలి కదా, గోడ బీటలు వారిందని ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారు?

భూమి గురించి: లింకు డాక్యుమెంట్లు (భూమి చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆ భూమిపై రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) ఎన్నేళ్ళకు చూపిస్తారు? సర్వే నంబర్లలో ఏదైనా రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఏ జాబితాలో ఉందా? అసైన్డ్ భూమి కలిసిందా? పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. ముందుచూపు లేకుండా కొన్నవారు ఏళ్ళ తరబడి కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు.

నీరు వచ్చే దారి, పోయే దారి గురించి: దీన్ని ఎవరూ అడగరు, అందుకే గట్టిగా అడగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. అదే ఏడాది జూలైలో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక చెరువుల పూర్తి నీటిమట్టం, బఫర్ (చెరువు చుట్టూ కట్టడాలు లేకుండా వదిలే స్థలం) అన్న మాటలు ఇంటింటా వినబడ్డాయి. తెలంగాణలో 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు అంచు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. మీ వెంచర్ పక్కన చెరువో వాగో ఉంటే ఎంత వదిలారు? పాత రెవెన్యూ పటంలో ఉన్న పిల్ల కాలువ ఇప్పుడు ఎక్కడ ఉంది? ఆ చుట్టుపక్కల ఎదిగిన రైతు సభ్యుడు ఒకరుంటే ఆయన చేతే అడిగించండి. ఏ వానకు నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో ఆయనకు కంఠతా వస్తుంది.

ఊరి గురించి: లే అవుట్ రోడ్లు, పార్కు స్థానిక సంస్థకు అప్పగించారా? పనివాళ్ళకు నీడ, మరుగుదొడ్లు, ప్రమాద బీమా ఉన్నాయా? ఈ చివరి ప్రశ్న సేవా క్లబ్బు తప్ప ఇంకెవరూ వేయరు.

జవాబు దాటవేస్తే మర్యాదగా మళ్ళీ ఒకసారి అడగండి. అప్పటికీ రాకపోతే “వారంలో రాతపూర్వకంగా పంపగలరా?” అని అడిగి ముందుకు సాగండి. నిలదీసి కించపరచడం మన సంప్రదాయం కాదు. వక్త మన ఇంటికొచ్చిన అతిథి. ఎవరైనా సభ్యుడు తన సొంత ప్లాటు తగాదా తెస్తే సమావేశం తర్వాత మాట్లాడుకోమనండి.

8. తర్వాత చేయవలసినవి

పత్రికకు పంపే వార్తను క్లబ్బే రాయాలి. శీర్షిక అంశం మీద ఉండాలి, వ్యక్తి మీద కాదు. “ప్లాటు కొనేముందు రెరా నంబరు చూడండి: క్లబ్బు సదస్సులో సూచన” అన్న వార్త ఊరికి పనికొస్తుంది. ఫోటోలో శాలువా కప్పే దృశ్యం బదులు ప్రశ్నోత్తరాల దృశ్యం పంపండి.

ప్రశ్నలు, జవాబులు రెండు పేజీల్లో రాసి, ఒకసారి బిల్డర్ గారికి చూపించి, సభ్యులందరికీ పంచండి. “ఇది సమాచారం కోసమే, ఏ ప్రాజెక్టుకూ క్లబ్బు సిఫార్సు కాదు” అని మొదటి పేజీ పైనే రాయండి, అడుగున చిన్న అక్షరాల్లో కాదు. రాతపూర్వకంగా పంపుతామన్న జవాబులు రాకపోతే “జవాబు అందలేదు” అని అదే కాగితంలో ఉంచండి.

మరుసటి నెల సమావేశానికి అవతలి పక్షం వారిని పిలవండి. కొనుగోలుదారుల తరఫున కేసులు చూసే న్యాయవాది గానీ, ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి గానీ రావచ్చు. రోటరీ, లయన్స్ క్లబ్బుల పదవీకాలం జూలైలో మారుతుంది కాబట్టి ఈ ఫైలును కొత్త కార్యదర్శికి అప్పగించేటప్పుడు ఒక కాగితం జత చేయండి. వక్త సభలో చెప్పిన పూర్తి చేసే తేదీ ఒక వరుసలో, రెరా వెబ్‌సైట్‌లో ఉన్న తేదీ పక్క వరుసలో రాయాలి. మూడు నెలలకోసారి పురోగతి వివరాలు చూసి నింపడానికి కింద ఖాళీ గడులు ఉంచండి.